అరకు దారిలో పెరిగిన ఆయిలు

విశాఖపట్నం నుంచి అరకు సుమారు 115 కిలోమీటర్లు. రైల్లో వెళితే సొరంగాలు లెక్కపెట్టుకోవచ్చు. బస్సులో వెళితే కునుకు తీయవచ్చు. మోటారు సైకిలు మీద వెళితే మాత్రం హాండిలు మన చేతిలోనూ, మన ప్రాణం బండి చేతిలోనూ ఉంటాయి. మా దంపతులం పోయిన మాఘమాసంలో మూడో మార్గమే ఎంచుకున్నాం.

బండి పాతది. శృంగవరపుకోటలో కాఫీ తాగి, కొండ ఎక్కబోయే ముందు ఇంజనులో ఆయిలు ఎంతుందో చూశాను. కడ్డీ మీద రెండు గీతలకూ సరిగ్గా మధ్యన ఉంది. టైడా దాటాక మలుపులు మొదలయ్యాయి. ఒక పక్క లోయ, మరో పక్క మిరియం తీగలు అల్లుకున్న చెట్ల కింద కాఫీ తోటలు. అనంతగిరి చేరేసరికి చీకటి పడింది. చలికి చేతులు కొంకర్లు పోతున్నాయి. బండి నిలబెట్టి, తాళం తీసుకుని బసలోకి పరుగెత్తాం.

తెల్లవారి మంచు విడవక ముందే మళ్లీ ఆయిలు చూశాను. పై గీత దాటి ఉంది! రాత్రంతా పైన నిలిచిన ఆయిలు కిందికి దిగి ఉంటుందనుకుని సంతోషించాను. మా ఆవిడ కడ్డీ ముక్కు దగ్గర పెట్టుకుని, "ఏమండీ, పెట్రోలు బంకు వాసన వస్తోంది" అంది.

"బండి దగ్గర పెట్రోలు వాసన కాక మల్లెపూల వాసన వస్తుందా?" అన్నాను.

"మన పాలవాడు ఎప్పుడైనా రెండు గిన్నెల పాలు ఎక్కువ పోశాడంటే ఏమనుకుంటాం? ఊరికే పెరిగేది ఏదీ మంచిది కాదండీ" అంది.

ఆ మాటతో బండి స్టార్టు చేయకుండానే తోసుకుంటూ మెకానిక్కు దగ్గరికి వెళ్లాం. పెద్దాయన. పక్కన బీడీ కాలుస్తున్న కుర్రవాణ్ణి ముందు దూరంగా పొమ్మన్నాడు. పాత పేపరు మీద మా ఇంజను ఆయిలు ఒక చుక్క, డబ్బాలోని కొత్త ఆయిలు ఒక చుక్క వేశాడు. కొత్తది దగ్గరగా నిలిచింది. మాది చుట్టూ పలచని వలయంతో దూరం దాకా పాకింది.

"రాత్రి పెట్రోలు ట్యాపు కట్టారా, బాబూ?"

నేను మాట్లాడలేదు.

సంగతి ఇదీ. ట్యాంకు పైన ఉంటుంది, కార్బురేటరు కింద. చాలినంత పెట్రోలు రాగానే కార్బురేటరులోని ఫ్లోటు పైకి తేలి, సూదితో దారి మూసేస్తుంది. ఆ సూది మొన అరిగితే దారి పూర్తిగా మూసుకోదు. ట్యాపు తెరిచి ఉంటే రాత్రంతా కారిన పెట్రోలు సిలిండరులోకి చేరి, పిస్టన్ రింగుల సందుల్లోంచి కింద ఉన్న ఆయిల్లో కలుస్తుంది. ఆయిలు నీళ్లలా పలచబడి బేరింగుల మధ్య పొరగా నిలవదు. అదే బండితో గాలికొండ మలుపులు ఎక్కితే ఇంజను పట్టేయవచ్చు. అప్పుడు వెనక చక్రం ఉన్నపళంగా బిగుసుకుంటుంది. మా ఆవిడ కూర్చునేది ఆ చక్రం మీదే!

నీళ్లు కలిస్తే లక్షణం వేరట. ఆయిలు పాలు పోసిన కాఫీ రంగులోకి మారుతుంది. పెట్రోలు కలిస్తే రంగు అంతగా మారదు. వాసన, పలచదనం, పెరిగిన మట్టం, ఈ మూడే గుర్తులు.

2020 ఏప్రిల్లో బి.ఎస్. 6 నిబంధన వచ్చాక మన దేశంలో తయారైన కొత్త మోటారు సైకిళ్లలో దాదాపు అన్నిటికీ ఇంజెక్షన్ పద్ధతే. వాటికి ఈ ట్యాపు బాధ లేదు. అయినా రోజూ ఇంటి నుంచి సందు చివరి దాకా మాత్రమే తిరిగే బండిలో ఇంజను వేడెక్కదు గనక కొంచెం కొంచెంగా పెట్రోలు ఆయిల్లో చేరుతుంది. అప్పుడప్పుడు దూరం నడిపితే ఆ కొంచెమూ ఆవిరై పోతుంది. మాలాగా రాత్రంతా కారితే మాత్రం ఆయిలు మార్చడం తప్ప మార్గం లేదు.

మెకానిక్కు ఆయిలంతా దింపి, సూది మార్చి, కొత్త ఆయిలు పోశాడు. దింపినది వాగు వైపు పారబోస్తాడేమోనని చూశాను. డబ్బాలో పోసి మూత బిగించాడు. "గోస్తని ఈ కొండల్లోనే పుట్టింది బాబూ. బొర్రా గుహల్లోంచి దిగి తాటిపూడి జలాశయానికి చేరుతుంది. అక్కణ్ణుంచి మీ విశాఖకే మంచినీళ్లు" అన్నాడు. నాకు తల దించుకోవాలనిపించింది. ఊరంతటి నీళ్ల సంగతి ఆయనకు పట్టింది. ఒక్క ట్యాపు సంగతి నాకు పట్టలేదు.

మధ్యాహ్నానికి అరకు చేరాం. లోయనిండా ఎండ, చల్లగాలి. బండి పాడుకుంటూ నడిచింది.

ఇప్పుడు మా ఇంట్లో రాత్రి పడుకోబోయే ముందు ఒక ప్రశ్న వినిపిస్తుంది: "నేను గ్యాసు కట్టేశాను. మీరు ట్యాపు కట్టేశారా?"