నాలుగు చన్నులు, నాలుగు సీసాలు

మార్చి 3, న్యూ సెటిల్‌మెంట్
పక్క క్వార్టరు అత్త జెర్సీ ఆవుకి వెనక ఎడమ చన్ను వాచింది. పాలు పలుకులు పలుకులుగా పడుతున్నాయి. "దిష్టే అమ్మీ, ఈనినకాడి నుంచీ అందరి కళ్ళూ దీని మీదే" అంటూ మిరపకాయలు దిగదుడిచి పొయ్యిలో వేసేసింది. బజార్లో తెచ్చిన ట్యూబులూ ఎక్కించిందట. ఏ మందో, దేనికో తెలియకుండానే.

మార్చి 4
నాలుగు చన్నుల పాలూ విడివిడిగా తీసి సర్ఫ్ నీళ్ళు కలిపాను. వాచిన చన్నుది జిగురుగా సాగింది. వాపే లేని ముందు కుడి చన్నుదీ సాగింది! పాలలో చేరిన తెల్లకణాలు సబ్బుకి పగిలి, వాటి డీఎన్‌ఏ చేసే పని అది. పొదుగువాపు పట్టడానికి 1957లో షాల్మ్, నూర్లాండర్ చెప్పిన కాలిఫోర్నియా పరీక్షకి ఇది పేదింటి చుట్టం. జబ్బుందని చెబుతుంది, ఏ క్రిమి వల్లో చెప్పదు.

మార్చి 5
తెల్లారగట్ల శాంపిళ్ళు. స్పిరిట్ దూదికి మురికి అంటనంత వరకూ చన్ను కొస తుడిచాను. మొదటి ధారలు పారబోస్తుంటే అత్త ప్రాణం గిలగిల్లాడింది: "నేలపాలు సేస్తావేటే!" పైనుంచి పేడ దుమ్ము రాలకుండా సీసా ఏటవాలుగా పట్టాలి. హౌరా లోకల్లో ఐసు డబ్బా ఒళ్ళో పెట్టుకుని బెల్గాచియా ల్యాబుకి. ఎదుటి సీటాయన కుల్ఫీయా అని అడిగాడు.

మార్చి 6
గొర్రె రక్తం కలిపిన అగార్ మీద, 37 డిగ్రీల్లో ఒక రాత్రి. సన్నటి కాలనీలు. హైడ్రోజన్ పెరాక్సైడ్ చుక్క వేస్తే నురగ రాలేదు, కాబట్టి స్టాఫిలోకాకస్ కాదు. పేగుల బాక్టీరియా మొలిచే మెకాంకీ ప్లేటు ఖాళీ. పేడలోంచి వచ్చే ఈ.కోలై కూడా కాదన్నమాట. అత్త సాలకి వంక పెట్టడానికి లేదు.

మార్చి 7
క్యాంప్ పరీక్ష. స్టాఫిలోకాకస్ గీతకి అడ్డంగా మన అనుమానితుణ్ణి గీశాను. రెండూ దగ్గరయిన చోట రక్తం కరిగి బాణం మొనలా తేట. ఆస్ట్రేలియాలో క్రిస్టీ, ఆట్కిన్స్, ముంక్-పీటర్సన్ 1944లో రాసిన సంగతే. రెండు చన్నుల్లోనూ స్ట్రెప్టోకాకస్ అగలాక్టియే. హమ్మయ్య! స్టాఫిలోకాకస్ ఆరియస్ అయితే పొదుగు లోలోపల నక్కేది, మందు అందేది కాదు. ఇది చాలావరకు పెనిసిలిన్‌కి లొంగుతుంది.

మార్చి 8
ఈ క్రిమి కాపురం ఎక్కువగా పొదుగులోనే. ఆవు నుంచి ఆవుకి పితికేవాళ్ళ చేతుల్లో, తుడిచే గుడ్డలో పోతుంది. పాలు పితికే కుర్రాడు మథురాకాటిలో ఇంకొన్ని ఇళ్ళకీ వెళ్తాడు. ఆవు ఆవుకీ చేతులు కడగమన్నాను, పితికాక చన్నులు అయోడిన్ మందులో ముంచమన్నాను. నవ్వి ఊరుకున్నాడు. పశువుల డాక్టరుగారు మందు రాశారు. అది అయ్యాక కూడా ఆయన చెప్పిన గడువు దాకా పాలు అమ్మకూడదంటే, టీకొట్టు వాడికేం చెప్పాలని అత్త గొడవ. రేపు సర్ఫ్ డబ్బాతో మథురాకాటి వెళ్ళాలి.