బనగానపల్లె మామిడియు పెరుగు పొరలును

నంద్యాలనుండి ఎఱ్ఱగుంట్లకు బోవు రైలుమార్గమున బనగానపల్లె యను నూరు గలదు. ఆ పేరు వినని యిల్లాలు తెలుగునాట నుండదు. అయినను పండు పేరుగా నెఱిగినవారే గాని యూరుగా జూచినవారు తక్కువ. 1948వ సంవత్సరమువఱకు నిది నవాబుల యేలుబడిలోని చిన్న సంస్థానము. ఆ యేట మద్రాసు రాష్ట్రములోని కర్నూలు జిల్లాలో గలిసినది. 2022లో నంద్యాల జిల్లా యేర్పడగా దానిలో జేరినది. 2017లో నిచ్చటి మామిడికి భౌగోళిక గుర్తింపు లభించినది.

మావారు బడిపంతులు గావున మాకు యాత్రలన్నియు వేసవి సెలవులలోనే. గత వైశాఖమున యాగంటి యుమామహేశ్వరుని దర్శింపబోయి, ఆయన సహోపాధ్యాయుల యింట బనగానపల్లెలో మూడు దినములు నిలిచితిమి. యాగంటి కొండలు ఎండకు మండుచున్నను, నంది నోటినుండి కోనేటబడు నీరు మాత్రము చల్లగా నుండెను. అచ్చట కాకి కనబడదని ప్రజలు చెప్పుదురు, అగస్త్యుని శాపమట! ఊరికి సమీపముననే రవ్వలకొండ గలదు. పోతులూరి వీరబ్రహ్మేంద్రస్వామి గరిమిరెడ్డి అచ్చమ్మగారి యావులను మేపుచు, ఆ కొండగుహలో కాలజ్ఞానము వ్రాసెనని ప్రసిద్ధి. పాడికిని జ్ఞానమునకును ఇట్లు పొత్తు గలిగిన యూరిలో నేను పెరుగునుగూర్చి క్రొత్త సంగతి యొకటి నేర్చుకొనుట వింతగాదు.

మేము దిగిన యింటివారికి చిన్న మామిడితోట గలదు. బనగానపల్లె పండు పెద్దది, కోలగా నుండును. తోలు పలుచన, కండ గట్టి, పీచు లేదు. దీనికే బేనిషాన్ అనియు పేరు. మచ్చలేనిదని యామాటకర్థము. కాని తోటలోని పండ్లన్నియు పేరునకు దగినట్లుండునా? అకాలవర్షమునకును గాలికిని రాలినవియు, తోలుపై నల్లమచ్చ పడినవియు బుట్టలకొలది పెరటిలో బడియుండెను. లోపలి కండ చెడకున్నను అంగడివా డట్టివానికి వెల గట్టడు. ఏడాది కష్టములో నొక పాలు కన్నులయెదుటనే కుళ్ళిపోవుచుండ నే యిల్లాలు చూచి యూరకుండగలదు? ఆ గృహిణి మచ్చలు చెక్కివేసి, కొంత తాండ్రకును, కొంత రసమునకును వాడుచుండెను. మిగిలినదానికి ఆమె కూఁతురొక యుపాయము కనిపెట్టినది.

ఆ బాలిక హైదరాబాదులో చదువుకొనుచున్నది. అచ్చట ఫలాహారశాలలలో పొడుగుపాటి గాజుగ్లాసునందు పెరుగు, పండు, గింజలు పొరలు పొరలుగా నమర్చి యిత్తురట. దాని పేరు పార్ఫే. ఇది ఫ్రెంచి మాట. లోపము లేనిదని యర్థము. ఆ దేశమున నది గ్రుడ్డుసొన, మీగడ, చక్కెరపాకము కలిపి గడ్డకట్టించు తీపివంట. అమెరికావారు ఆ పేరును గ్లాసులో పొరలుగా నమర్చిన హిమక్రీములకు బెట్టిరి; పిదప పెరుగు పండ్ల పొరలకు నదియే చెల్లినది.

ఆ యింట నొక యవ్వ గలదు. పండ్లు లేవు, ఎండలు ముదిరినది మొదలు అన్నము సహింపక మజ్జిగనీళ్ళతో దినములు గడుపుచుండెను. కోడలికి అదియే పెద్ద దిగులు. బాలిక గ్లాసు తెచ్చి ముందుంచగా అవ్వ మొగము త్రిప్పుకొని, “పెరుగూ పండూ కలిపితే కడుపు చెడదా? గాజుగ్లాసులో చెంచా పెట్టుకొని తినేది మన యింట్లో యాడుంది?” అన్నది.

“అవ్వా! పెరుగన్నంలోకి మామిడిపండు నంజుకొని తినింది నువ్వు గాదా? దాంట్లో అన్నం తీసేస్తే ఇదే గదా!” అని మనుమరాలు.

అవ్వ క్షణకాల మాలోచించి, ఒక చెంచా నోటబెట్టుకొని, “బాగానే దిగుతాంది లే” అన్నది. ఆనాడు సగము గ్లాసు, మఱునాడు గ్లాసెడు తీసికొన్నది. కోడలు నాతో, “అక్కా, నెలదినాలకు ఈ పొద్దు మనసు కుదుటబడింది” అని కంటినీరు తుడుచుకొనెను.

అవ్వ శంక నిరాధారమని నే ననజాలను. రాత్రివేళ పెరుగు తినరాదని చరకసంహితయే చెప్పుచున్నది. పుల్లని పండ్లు పాలతో గలుపుటయు వైద్యులు విరుద్ధాహారమందురు. కాని మన పెద్దలే దేవునికి పాలు, పెరుగు, నెయ్యి, తేనె, చక్కెర కలిపిన పంచామృతమున అరటిపండు ముక్కలు వేయుదురు. భావప్రకాశమున రసాల యను మధురపదార్థము చెప్పబడినది. గేదెపెరుగును నీరు లేకుండ దీసి, చక్కెర కలిపి, తెల్లని వస్త్రమున వడగట్టి, ఏలకులు మొదలగు సుగంధద్రవ్యములు చేర్చవలయును. భీముడు దానిని చేయగా శ్రీకృష్ణుడు ప్రీతితో నారగించెనని యా గ్రంథము. మహారాష్ట్రుల శ్రీఖండము దానికి దగ్గఱి చుట్టము. కావున గ్లాసు క్రొత్తదేమో గాని, వంట క్రొత్తది గాదు. పండు బాగుగ మాగినదై, పెరుగు పులియక, పగటిపూట మితముగా దినిన జాలును.

ఇక చేయువిధము. ఆఱు గ్లాసులకు చిక్కని గేదెపాలు 1 లీటరు కాచి, వ్రేలికి గోరువెచ్చగా దోచునంతవఱకు చల్లార్చి, అరచెంచా తోడు వేయవలెను. రాయలసీమ వేసవిలో నాలుగైదు గంటలలో తోడుకొనును. తోడుకొన్నవెంటనే చల్లనిచోట నుంచకున్న పులియును. ఆ పెరుగును ఉతికిన పలుచని గుడ్డలో మూటగట్టి, గిన్నెపై వ్రేలాడదీసి, ఫ్రిజ్జులో నాలుగు గంట లుంచవలెను. సుమారు సగము నీరుగా దిగి, మిగిలినది వెన్నవలె నగును. ఈ పని యొక్కటి మానినచో పొరలు నిలువవు. దిగిన నీరు పాఱబోయరాదు. రొట్టెపిండి కలుపుటకు బనికివచ్చును, ఉప్పు వేసి త్రాగవచ్చును. గట్టిపెరుగులో మూడు చెంచాల చక్కెర, చిటికెడు ఏలకులపొడి కలిపి గిలకొట్టుడు.

రెండు పండ్లను సొన పోవునట్లు కడిగి, తోలు దీసి, చిన్న ముక్కలుగా దఱుగుడు. ముక్కలకు చక్కెర చేర్పరాదు; చక్కెర పండులోని నీటిని బయటికి లాగును, పెరుగు పలుచనగును. పిడికెడు వేరుసెనగపప్పు వేయించి, పొట్టు తీసి, కచ్చాపచ్చాగా దంచుడు. జొన్నపేలాలున్న మఱియు మేలు. గ్లాసు అడుగున పండు, దానిపై పెరుగు, మరల పండు, మరల పెరుగు నమర్చి, గింజలును పేలాలును వడ్డించునపుడే పైన జల్లవలెను. ముందుగా వేసిన చెమ్మగిలి మెత్తబడును. పండ్లు లేని పెద్దలకు గింజలు మాని, మామిడిని గుజ్జుగా జేసి యిచ్చునది. మధుమేహము గలవారికి చక్కెర వేయక, పండు కొలదిగా నిచ్చి, పెరుగే యెక్కువ చేయవలెను.

మామిడి తీరినపిదప దానిమ్మగింజలు, గింజలేని ద్రాక్ష వాడవచ్చును. అరటిపండు అప్పటికప్పుడు కోయవలెను, లేకున్న నల్లబడును. పచ్చి అనాసను మాత్రము పెరుగులో గలిపి నిలువయుంచరాదు. దానియందలి రసము పాలలోని మాంసకృత్తులను విఱుగగొట్టి చేదు పుట్టించును. ఉడికించి చల్లార్చి వాడిన ఆ దోషము లేదు.

పండ్లు కొనునపుడు కార్బైడుతో మాగబెట్టినవానిని గొనకుడు. అది చట్టము నిషేధించినది. ముదిరిన కాయలను దెచ్చి వరిగడ్డిలో మాగవేసికొనిన, వాసనయే గది నిండును. తోలుపై మచ్చ యున్నదని పండును ద్రోసివేయక, ముక్కున బట్టి, వ్రేలితో నొక్కి చూడుడు. కండ గట్టిగా, వాసన తీయగా నున్న నట్టి పండు చవుకగా దొరకును, తోటవానికిని నాలుగు కాసులు మిగులును. మీ యింటనున్న వృద్ధులకు అన్నము సహింపని యెండదినములలో, ఈ పొర లొక చిన్నగిన్నెలో నిచ్చి చూడుడు. గాజుగ్లాసే యుండవలెనను నియమము లేదు.