జాజి పూలు కాదు, ఆకులు



పుళ్లకు, గాయాలకు రాసే ఆయుర్వేద నూనె జాత్యాది తైలం ఇంట్లో కాచుకోవచ్చా అని మీలో కొందరు అడిగారు. వద్దనే చెబుతాను. ఎందుకో చెప్పేముందు ఒకసారి బడి దాకా వెళ్లొద్దాం.

పలక నల్లగా నిగనిగలాడాలంటే గడ్డి చామంతి ఆకు, బొగ్గు కలిపి రుద్దేవాళ్లం. ఆటలో మోకాలు చెక్కుకుపోతే అదే ఆకు నలిపి పసరు పిండేవాళ్లం. చురుక్కుమనేది, కాసేపటికి నెత్తురు కట్టేది. అది ప్రాచీన శస్త్రవైద్యుడు సుశ్రుతుడి నాటి మందని చాలాకాలం నమ్మాను. తీరా చూస్తే ఆ మొక్కది అమెరికా ఖండం! ఆయన కంటపడే వీలే లేదు. పిలవని ఆ చుట్టం మన గట్ల మీద కాపురం పెడితే, అమెరికాలో 1995లో మన పసుపుకు పేటెంటు ఇచ్చారు, గాయాలు మాన్పే గుణం వాళ్లే కనిపెట్టినట్టు. మన దేశపు పరిశోధన సంస్థ సీఎస్ఐఆర్ మన పాత గ్రంథాలు ముందుపెట్టి 1997లో దాన్ని రద్దు చేయించింది.

ఇక తైలం. జాతి అంటే జాజి. పూలనుకుంటారు గానీ వేసేది ఆకులు. వేపాకు, పసుపు, మానుపసుపు, మంజిష్ఠ, అతిమధురం, కానుగ గింజలు, మైనం వగైరాలు తోడవుతాయి. నూరిన ముద్ద ఒక పాలు, నువ్వుల నూనె నాలుగు, నీళ్లు పదహారు. సన్నని సెగ మీద నీరంతా ఇగరాలి. ముద్దను వేళ్ల మధ్య నలిపితే వత్తిలా సాగాలి, నిప్పుల మీద వేస్తే చిటపటమనకూడదు. నూనె అయితే అప్పుడు నురగ పైకి లేస్తుంది; నేతితో కాస్తే ఉన్న నురగ అణిగిపోతుంది. ఈ తేడా చెప్పినవాళ్లు పొయ్యి దగ్గర ఎంతసేపు కూర్చున్నారో!

చిక్కంతా ఇందులో పడే మైలుతుత్తంతో. తోటల్లో బోర్డో మిశ్రమానికి సున్నంతో కలిపేది అదే. తైలంలోకి శుద్ధి చేసి, తూకం తప్పకుండా వేయాలి. చిటికెల లెక్క పనికిరాదు. అందుకే వైద్యుణ్ణి అడిగి, పేరున్న చోట కొనుక్కోండి.

సుశ్రుతుడు వ్రణానికి, అంటే పుండుకు, 60 ఉపక్రమాలు (చికిత్సలు) చెప్పాడు. మొదటిది లంఖణం, నూనె కాదు. షుగరున్నవాళ్ల కాలిపుండుకు, తుప్పు మేకు దిగిన గాయానికి పసరు, పసుపు పెట్టి కూర్చోవద్దు. వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

గడ్డి చామంతిని మీ ఊళ్లో ఏమంటారో రాయండి.