రాకెట్ ఎక్కి రాత్రంతా నదిలో!

‘సాయంత్రం రాకెట్ ఎక్కుతున్నాం, బ్యాగ్ సర్దుకో’ అని ఢాకాలో ఉండే ఫ్రెండ్ మెసేజ్ పెడితే జోక్ అనుకున్నా. 2018లో ఆఫీసు పని మీద వెళ్ళాను, చేతిలో ఇంకో రెండు రోజులున్నాయి. తీరా సదర్‌ఘాట్ రేవుకి వెళ్ళి చూస్తే అక్కడున్నది నారింజ రంగు ముసలి ఓడ. పేరు పీఎస్ మహ్‌సూద్. పీఎస్ అంటే పాడిల్ స్టీమర్. పుట్టింది 1928లో, కోల్‌కతా గార్డెన్ రీచ్‌లో. మా తాతయ్య కంటే పెద్దది!

రాకెట్ అనే పేరెందుకంటే, ఒకప్పుడు ఈ నదుల మీద ఇంతకంటే వేగంగా వెళ్ళేది లేదు మరి. ఇప్పుడు మాత్రం రంగురంగుల లైట్లు వేసుకున్న నాలుగంతస్తుల లాంచీలు హారన్ కొట్టుకుంటూ దీన్ని దాటేసి పోతుంటాయి. మన రాకెట్‌గారు ఏమీ పట్టనట్టు ‘ధబ్... ధబ్...’మంటూ నీళ్ళు కొట్టుకుంటూ వెళ్తారు.

ఆ ధబ్‌ధబ్‌లోనే అసలు విషయమంతా ఉంది. ఓడకి రెండు పక్కలా రెండు పెద్ద చక్రాలు, వాటి చుట్టూ తెడ్డుల్లాంటి రెక్కలు. కింద బొగ్గు మండితే బాయిలర్‌లో నీళ్ళు ఆవిరవుతాయి. ఆవిరి పిస్టన్‌ని తోస్తుంది, పిస్టన్ ఇరుసుని తిప్పుతుంది, ఇరుసుతో పాటు చక్రాలు తిరుగుతాయి. ఇప్పటి ఓడలకి ఫ్యాన్ అడుగున, నీళ్ళలో మునిగి ఉంటుంది కాబట్టి లోతు కావాలి. పద్మ, మేఘన నదులు నిన్న నీళ్ళున్నచోట ఇవాళ ఇసుకమేట వేసే రకం. తెడ్డు చక్రానికి పైపై నీళ్ళు చాలు. అందుకే అక్కడ ఇవి అంతకాలం బతికాయి. 1980ల నుంచి బొగ్గు పోయి డీజిల్ ఇంజిన్లు వచ్చాయి. అంటే నేనెక్కేనాటికి స్టీమర్‌లో స్టీమ్ లేదు. చక్రాలు మాత్రం అవే.

మహ్‌సూద్‌కి తోబుట్టువులున్నాయి. 1929 నాటి ఆస్ట్రిచ్, 1938 నాటి లెప్చా, ఆ తర్వాత టర్న్. రెండు తెగల పేర్లు, రెండు పిట్టల పేర్లు. బ్రిటిష్ కాలంలో కంపెనీల స్టీమర్లు బెంగాల్, అస్సాం నదుల నిండా తిరిగేవి. కలకత్తా సియాల్దాలో రాత్రి రైలెక్కి, పద్మ ఒడ్డున గోవాలందోలో దిగి, స్టీమర్లో నారాయణ్‌గంజ్ చేరి, అక్కణ్ణుంచి మళ్ళీ రైల్లో ఢాకా వెళ్ళేవాళ్ళు. ఆ స్టీమర్లలో పనివాళ్ళు తమకోసం ఆవనూనె, ఎండుమిర్చి, ఉల్లి, వెల్లుల్లి వేసి వండుకున్న కోడికూర ప్రయాణికులకి ఎంత నచ్చిందంటే, ‘గోవాలందో చికెన్’ పేరుతో కోల్‌కతా వాళ్ళు ఇప్పటికీ ఇళ్ళల్లో వండుకుంటారు. 1947లో దేశం రెండు ముక్కలైంది. 1965 యుద్ధంతో సరిహద్దు దాటే రైళ్ళూ ఆగాయి. నది మాత్రం ఎక్కడిదక్కడే ఉంది. 1971లో బంగ్లాదేశ్ వచ్చాక రాకెట్లు ప్రభుత్వ జలరవాణా సంస్థ చేతికి వచ్చి, ఢాకా నుంచి చాంద్‌పూర్, బరిశాల్ మీదుగా ఖుల్నా దాకా తిరిగాయి. చివరికొచ్చేసరికి మొరేల్‌గంజ్‌తోనే సరి.

పై అంతస్తు ముందు భాగంలో ఫస్ట్‌క్లాస్ గదులు, వరండా, కుర్చీలు. కింద డెక్ మీద జనం దుప్పట్లు పరుచుకుని, మూటలు తలకింద పెట్టుకుని పడుకున్నారు. నేను ఫోన్ పట్టుకుని చక్రం కనబడే చోటు కోసం తిరుగుతుంటే ఒక పెద్దాయన నవ్వి పక్కన చోటిచ్చాడు. మా ఫ్రెండ్ ఆయన్ని చాచా అని పిలుస్తూ మాటలు కలిపాడు. “పద్మ మీద వంతెన కడుతున్నారుగా, అదైపోతే ఈ ఓడకి ఎవరెక్కుతారు, బాధగా లేదా చాచా?” అని అడిగించాను.

ఆయన నావైపు ఒకసారి చూసి అన్నమాట ఫ్రెండ్ తెలుగులో కాకపోయినా బాగానే చెప్పాడు. “నీకిది సరదా. నాకు ఇంటికెళ్ళే దారి. పొగమంచు పడితే ఓడ ఆగిపోతుంది. ఇంట్లో ఎవరికైనా బాగోలేదని కబురొచ్చినా ఇక్కడే కూర్చోవాలి. వంతెన రానీ, ఈ మొహం మళ్ళీ చూడను.”

నాకు నోట మాట రాలేదు. ఎందుకంటే మాది సఖినేటిపల్లి వైపు. నరసాపురం వెళ్ళాలంటే ఇప్పటికీ రేవులో పంటు ఎక్కి వశిష్ఠ గోదావరి దాటుతాం. వంతెన మాట పుట్టి దశాబ్దాలైంది. హైదరాబాద్ ఫ్రెండ్స్ వస్తే పంటు మీద బైకులు, ఆటోలు, మనుషులు అందరూ కలిసి నది దాటడం చూసి రీల్స్ తీసుకుని మురిసిపోతారు. మా తాతయ్యకి ఓ రాత్రి గుండెల్లో నొప్పి వచ్చినప్పుడు పంటు లేదు. ఎదురుగా నరసాపురం లైట్లు కనబడుతుంటే, చించినాడ వంతెన చుట్టూ తిప్పి తీసుకెళ్ళాం. బతికాడు. కానీ ఆ దారి పొడుగునా నాన్న ఒక్క మాటా మాట్లాడలేదు. ఇదంతా తెలిసి కూడా చాచాని ‘బాధగా లేదా’ అని అడిగింది నేనే!

2022 జూన్ 25న పద్మ వంతెన తెరిచారు. పొడవు 6.15 కిలోమీటర్లు. రాత్రంతా పట్టే బరిశాల్ రోడ్డు మీద మూడు నాలుగు గంటలైపోయింది. అదే ఏడాది రాకెట్ సర్వీసు ఆగింది. చాచా గెలిచాడు, ఓడ ఓడింది అనుకున్నా.

కానీ కథ అక్కడ ఆగలేదు. 2025 నవంబరులో మహ్‌సూద్‌ని బాగుచేసి, ఢాకా–బరిశాల్ మధ్య పర్యాటకుల కోసం మళ్ళీ నీళ్ళలోకి దించారు. ఇప్పుడు దాన్ని ఎక్కేవాళ్ళెవరికీ వేరే దారి లేక కాదు, ఇష్టపడి ఎక్కుతున్నారు. నాకైతే ఇదే సరైన వరస అనిపించింది. ముందు వంతెన, తర్వాతే ముచ్చట. దారి లేని మనిషి ముందు నిలబడి ‘పాత ఓడ ఎంత బావుందో’ అనకూడదు. దారి దొరికాక ఆ ఓడని తుక్కుకి అమ్మేయనూ కూడదు.

మొన్న సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు పంటు ఎక్కాను. ఎప్పట్లాగే ఫోన్ తీశాను. పక్కన ఒకావిడ ఆస్పత్రి ఫైలు ఒళ్ళో పెట్టుకుని అవతలి ఒడ్డుకేసి చూస్తోంది. ఫోన్ జేబులో పెట్టేశాను. మా రేవులో వంతెన వచ్చిన రోజున, ఈ పంటుని ఒకటైనా ఉంచమని అడిగేవాళ్ళలో నేనుంటా. అప్పుడు తీస్తా రీలు!