గుండు టైరు రేసు టైరు కాదు మావా

పోస్టు పెద్దదే. బండి మీద కొండ ఎక్కి దిగేవాళ్లు మాత్రం ఓపిగ్గా చివరిదాకా చదవండి.

మేము శ్రీకాకుళంలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్నాం. మా ఊళ్లు సీతంపేట పైన కొండల్లో ఉన్నాయి. రూములో ఆరుగురం, ఆరుగురికీ కలిపి ఒకటే బండి, అదీ సెకండ్ హ్యాండ్‌ది. సెలవులకి ఊరెళ్తే ఇక అది మాది కాదు, ఊరిది. జ్వరమొచ్చిన ముసలమ్మ దాని మీదే దిగుతుంది, అనాస పళ్ల బస్తా దాని మీదే సంతకి పోతుంది. ఈ జూన్‌లో దాని వెనక టైరు పూర్తిగా అరిగి గుండైపోయింది. కొత్తది కొందామని డబ్బులు పోగేస్తుంటే ఊళ్లో మావ ఒకాయన అడ్డం పడ్డాడు.

"రేసుల్లో టైర్లకి గీతలుంటాయేట్రా? నున్నగుంటాయి. గుండు టైరుకే పట్టెక్కువ. ఊరికే డబ్బులెందుకు తగలెట్టీడం?"

మావ గాలి మాటేం చెప్పలేదు. 2023 సెప్టెంబర్‌లో గ్రేటర్ నోయిడాలోని బుద్ధ్ సర్క్యూట్‌లో మోటోజీపీ జరిగినప్పుడు ఆ ముక్కలన్నీ ఫోన్లో చూశాడు. ఎండలో రేసు బండి టైరు నిజంగానే నున్నగా ఉంటుంది, దాన్ని స్లిక్ అంటారు. ఒక్కో టైరు రోడ్డుకి తగిలేది మన అరచేయంత మేర. గీతలు లేకపోతే ఆ అరచేయంతా రబ్బరే తగులుతుంది, పొడి రోడ్డు మీద పట్టు పెరుగుతుంది. మావ చెప్పింది ఇక్కడి వరకూ కరెక్టే.

మిగతా సగం రబ్బరులో ఉంది. స్లిక్ రబ్బరు మెత్తగా ఉంటుంది, బాగా వేడెక్కితేనే పట్టుకుంటుంది. అందుకే రేసు మొదలయ్యేదాకా టైర్లకి కరెంటు దుప్పట్లు కప్పి వేడి చేస్తారు. మోటోజీపీ రేసు మొత్తం సుమారు 120 కిలోమీటర్లు, అంటే మేము హాస్టల్ నుంచి ఊరికెళ్లి తిరిగొచ్చేంత. ఆ ఒక్క ట్రిప్పుతో ఆ టైరు పని అయిపోతుంది. మన బండి టైరు వేల కిలోమీటర్లు నడవాలని గట్టి రబ్బరుతో చేసింది. ఏళ్ల తరబడి ఎండకి ఎండి ఇంకా గట్టిపడుతుంది. అది అరిగితే గీతలు పోతాయి గానీ రబ్బరు మెత్తబడదు. పైపెచ్చు పలచబడుతుంది, ముల్లు తగిలితే చాలు దిగిపోతుంది. చూపుకే స్లిక్, గుణంలో కాదు.

వాన పడితే రేసువాళ్లు కూడా గాట్లున్న టైరే వేస్తారు. టైరుకీ రోడ్డుకీ మధ్య చేరిన నీళ్లు ఆ గాట్లలోంచి పక్కకి పోవాలి, అప్పుడే రబ్బరు రోడ్డుని తాకుతుంది. వాన టైరు రబ్బరు ఇంకా మెత్తన, చల్లటి తడిలోనూ పట్టాలి కదా. అదే టైరుతో పొడి రోడ్డెక్కితే వేడికి ముక్కలు ముక్కలుగా ఊడిపోతుంది. అందుకే రోడ్డు ఆరుతున్నప్పుడు రేసరు కావాలని తడి ఉన్న చోట వెతుక్కుని నడుపుతాడు, టైరు చల్లబడాలని.

దీని మీద మాకు బాగా నచ్చిన రేసు 2016 ఆగస్టులో చెక్ రిపబ్లిక్‌లో బ్రనో దగ్గర జరిగింది. తడి రోడ్డు మీద మొదలైంది. వాన టైర్లలోనే మెత్త రకం, గట్టి రకం ఉన్నాయి. ముందున్నోళ్లలో చాలామంది మెత్తవి వేసుకున్నారు. కాల్ క్రచ్లో మాత్రం ముందూ వెనకా గట్టివే వేశాడు. మొదట్లో బాగా వెనకబడ్డాడు. రోడ్డు ఆరేకొద్దీ మెత్త టైర్లు చిరిగిపోతుంటే ఒక్కొక్కరినీ దాటుకుంటూ వెళ్లి గెలిచాడు. 1981లో బ్యారీ షీన్ తర్వాత పెద్ద క్లాసులో బ్రిటిష్ రేసరు గెలవడం అదే మొదలు. ఇప్పుడున్న తడిని కాదు, ఇంకో అరగంటకి రోడ్డు ఎలా ఉంటుందో చూసి ఎంచుకున్నాడు.

"మరి స్లిక్‌తో వానలో గెలిచినోడు లేడా?" అని అడుగుతారు, ఉన్నాడు. 2021 ఆగస్టులో ఆస్ట్రియాలో చివరి ల్యాపుల్లో వాన దంచింది. ముందున్నవాళ్లు బండి మార్చుకోడానికి పిట్‌లోకి వెళ్లారు. బ్రాడ్ బైండర్ స్లిక్ మీదే జారుకుంటూ ఉండిపోయి గెలిచాడు. అతనికి మిగిలింది కొద్ది ల్యాపులే, పడినా పక్కన గులకరాళ్లు. మనకి పక్కన లోయ ఉంది.

ఇంకో సంగతి. అక్కడ వాన పడితే టైరు మార్చరు, బండే మార్చేస్తారు. తడి టైర్లతో రెండో బండి రెడీగా ఉంటుంది. ఆరుగురికి ఒక బండి ఉన్న మేము ఇది చదివి చాలాసేపు నవ్వుకున్నాం.

రెండింటికీ పనికొచ్చే టైరు రేసుల్లో లేదా అంటే, 2016లో మిషెలిన్ మోటోజీపీకి మధ్యరకం టైరొకటి తెచ్చింది, మరుసటేడాదికే తీసేశారు. కానీ మన హైదరాబాద్‌లో 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ పక్కన ఫార్ములా ఈ జరిగింది కదా, ఆ కార్లకి ఎండకీ వానకీ ఒకటే టైరు, గాట్లున్న హాంకుక్ టైరు. అంత పెద్ద పోటీ ఒకే రకం టైరుతో నడిచిపోయింది. మన పరిస్థితికి దగ్గరగా ఉన్న రేసు అదే అనిపించింది.

ఎందుకంటే మన దారి ఒక్క రోజులోనే మూడు రకాలు. పొద్దున్న ఊరి నుంచి ఎర్ర బురద, తర్వాత తడి తారు మీద రాలిన జీడిమామిడి ఆకులు, పాలకొండ దాటేసరికి ఎండ. అన్నిటికంటే మోసం మొదటి వాన. ఎండాకాలమంతా రోడ్డు మీద పడిన ఆయిలు, దుమ్ము మొదటి పది నిమిషాల్లో పైకి తేలతాయి. జోరువాన కడిగేశాకే కాస్త నయం.

పోయినేడు వానాకాలంలో పై ఊరి నుంచి ఒక వదినని నొప్పులతో డోలీలో దించారు. అంబులెన్స్ తారు రోడ్డు దాకానే రాగలదు. డోలీ మోసినోళ్లు అలిసిపోయారు, చివరి రెండు కిలోమీటర్లు మా బండి మీద మధ్యలో కూర్చోబెట్టి తెచ్చాం. వెనక అన్న పట్టుకున్నాడు, ఇద్దరు పక్కన నడిచారు. తల్లీ బిడ్డా బాగున్నారు. అప్పటికి టైరుకి ఇంకా గీతలున్నాయి. మావకి ఇదే గుర్తు చేశాం. ఆయన ఇంకేం మాట్లాడలేదు.

కొట్టుకెళ్తే రెండు రకాలు చూపించారు. మాలో ఒకడికి వెడల్పు టైరు మీద మనసు పోయింది, చూడ్డానికి బావుంటుంది మరి. ఇరుకు రిమ్ముకి వెడల్పుది ఎక్కిస్తే టైరు ఆకారం మారిపోతుంది, వంపులో బండి వాలినప్పుడు తగలాల్సిన చోట రోడ్డుకి తగలదు. రెండోది పెద్ద పెద్ద బటన్లున్న టైరు. బురదలో రాజా, కానీ తడి తారు మీద దానికి తగిలే రబ్బరు తక్కువ. మా దారిలో బురద నాలుగు కిలోమీటర్లు, తారు యాభై. అందుకని కంపెనీ ఇచ్చిన సైజులోనే, లోతు గాట్లున్న మామూలు టైరు అడిగాం. పొడిలో కాస్త తక్కువ పట్టు ఉన్నా పర్లేదు, పొడిలో మెల్లగా పోవచ్చు, వానలో మనం అనుకున్నచోట ఆగాలి.

కొనేముందు పక్కన నాలుగంకెలు చూడండి. 2021 అని ఉంటే అది 2021లో ఇరవయ్యో వారం చేసింది. కొట్లో ఏళ్ల తరబడి ఎండినది "కొత్తదే" అని అంటగడతారు. టైరు పక్కన టీడబ్ల్యూఐ అని గుర్తుంటుంది, దానికి తిన్నగా గాటులో చిన్న గట్టు ఉంటుంది. రబ్బరు ఆ గట్టుతో సమానమైతే టైరు అయిపోయినట్టే. వానలో గాలి తగ్గిస్తే పట్టు పెరుగుతుందని మన కుర్రాళ్లు అంటారు. బురదలో నిజమే. తారు మీద మాత్రం టైరు నొక్కుకుపోయి గాట్లు మూసుకుంటాయి, నీళ్లు పోవు. బండి మీద రాసినంతే కొట్టించండి, వెనక మనిషి ఉంటే ఎంతో అదీ రాసి ఉంటుంది.

డబ్బు ఒక టైరుకే సరిపోయింది, వెనకదే మార్చాం. జారితే ఎక్కువ ప్రమాదం ముందు చక్రమే, బ్రేకు బలమంతా దాని మీదే పడుతుంది. కానీ ముందుది ఇంకా గట్టు పైనే ఉంది, గోరు పెట్టి చూశాం. స్కాలర్‌షిప్ పడగానే దాని వంతు. ఈలోపు సాలూరు ఘాట్ మీద రోజూ తిరిగే అన్నలెవరైనా వానలో ముందు టైరుకి ఏ రకం వాడుతున్నారో, ఎన్ని నెలలు వచ్చిందో రాయండి.