నరం కాదు, స్నాయువు

మన ఇళ్లల్లో ఒంట్లో ఎక్కడ పట్టేసినా దానికి ఒకటే పేరు, నరం. మెడ నరం, నడుము నరం, పిక్క నరం. ఎనిమిదో తరగతిలో మా పెద్దమ్మాయికి మోకాలి చిప్ప కింద బుడిపెలా వాచి నొప్పి మొదలైనప్పుడు తాండూరు నుంచి మా అమ్మ ఫోన్లో అన్నదీ అదే. "నరం పట్టింది బిడ్డా, నూనె రాయి."

అమ్మాయి కబడ్డీ ఆడుతుంది. మా వికారాబాద్‌లో వాళ్లు ఆడే మైదానం గట్టి ఎర్రనేల. అత్తమ్మ మాట ఇంకా సూటిగా ఉంది. "ఆడపిల్లకు గీ ఆటలెందుకు? కాలు ఖరాబైతే రేపు ఎవలు చేసుకుంటరు?" మా ఆయన ఏమీ అనలేదు. అంటే, ఆమె మాటే ఖాయమన్నట్టు.

నేను పిల్లను ఫిజియోథెరపిస్టు దగ్గరికి తీసుకెళ్లాను. ఆమె చెప్పింది వింటే నాకు బడిలో చదివిన మాటలు గుర్తొచ్చాయి. కండరాన్ని ఎముకతో కలిపేది స్నాయువు, ఎముకను ఎముకతో కలిపేది సంధిబంధనం. (సుశ్రుతుడు స్నాయువు లాంటి తాళ్లనే 'కండర' అన్నాడు. మనం ఆ మాటను కండకు అంటగట్టాం. తెలుగు బీఏ చదివినందుకు ఇలాంటివే మిగిలాయి!) ఎదిగే వయసులో ఎముక గబగబా పొడుగవుతుంది, తొడ ముందు కండరం అంత వేగంగా సాగదు. దూకినప్పుడల్లా ఆ బిగుతంతా చిప్ప కింది స్నాయువు మీద పడి, అది అతుక్కున్న చోట ఎముకను లాగుతుంది. దీన్ని ఆస్‌గుడ్ ష్లాటర్ అంటారట. ఎదుగుదల ఆగాక చాలామందికి తగ్గిపోతుంది. ఆట మానక్కర్లేదు, నొప్పిని బట్టి దూకుళ్లు తగ్గించాలి.

స్నాయువుకు రక్తప్రసరణ తక్కువ. కండకు వారాల్లో వచ్చే బలం దానికి రావాలంటే నెలలు పడుతుంది. ఈ ఒక్క ముక్క అత్తమ్మకు అర్థమయ్యేలా చెప్పడానికే నాకు పది రోజులు పట్టింది.

ఒళ్లు వంగితే చాలనుకుంటాం. మా అమ్మ అరవై దాటినా బాసింపట్టు వేసుకుని గంటసేపు కూర్చుంటుంది, మెట్లెక్కాలంటే మాత్రం మోకాళ్లు పట్టుకుంటుంది. సాగడంతో పాటు బలం కూడా కావాలి. అది ముందూ వెనకా సమానంగా ఉండాలి. మా పిల్లకు తొడ ముందుభాగం ఇనుములా ఉంది, వెనకభాగం నీరసం.

ఆటకు ముందు మెల్లగా పరుగు, కాళ్లు ఊపడం. అయిపోయాక గోడ పట్టుకుని మడమను వెనక్కి మడిచి ముప్పై సెకన్లు. సాయంత్రం ఇంట్లో తాండూరు బండల మీద చాప పరుచుకుని, వెల్లకిలా పడుకుని నడుము పైకెత్తడం. మెట్టు అంచున మునివేళ్ల మీద లేచి నెమ్మదిగా దిగడం. తిండిలో కొత్తదేం లేదు. పప్పు, గుడ్డు, ఒక జామకాయో ఉసిరికాయో. స్నాయువుకు ఆధారమైన కొల్లాజెన్ తయారవ్వాలంటే విటమిన్ సి కావాలి.

నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్‌కు 2017లో భుజం కీలు జారి సర్జరీ అయింది. ఏడాదిపాటు రింగుకు దూరమైంది. 2022లో ఇస్తాంబుల్‌లో ప్రపంచ ఛాంపియన్, 2023లో ఢిల్లీలో మళ్లీ. అత్తమ్మకు ఫోన్లో ఆ ఫైనల్ చూపించాను. "ఆ పిల్ల లగ్గం సంగతేంది?" అని అడిగింది. నవ్వాలో ఏడవాలో!

ఆరు నెలలైంది. బుడిపె అలాగే ఉంది, నొప్పి మాత్రం బాగా తగ్గింది. ఎక్కువ దూకిన రోజు మళ్లీ వస్తే తనే వచ్చి చెప్పి కూర్చుంటోంది. వచ్చే నెల పోటీలున్నాయి. పంపాలా వద్దా అన్నది ఇంట్లో ఇంకా తేలలేదు. మ్యాట్ మీద ఆడాలట, బూట్లు కావాలంది. నిన్న కొన్నాను.