చక్రాల ఇంట్లో మాన్యుమెంట్ వ్యాలీకి!

క్యారవాన్ అనగానే మన సినీప్రియులకి గుర్తొచ్చేది ఒక్కటే. షూటింగ్ స్పాట్‌లో ఓ పక్కగా ఆగివుండే ఏసీ బండి, అందులోకి మాయమైపోయే హీరో! మనం ఎంత మెడలు సాచినా ఆ నల్లటి అద్దాల్లోంచి ఏమీ కనపడదు. అమెరికాలో మాత్రం అలాంటి బండి ఎక్కడానికి స్టార్ కానక్కర్లేదు. అద్దె కట్టగలిగితే మామూలు సంసారి కూడా మంచాలూ, వంటగదీ, బాత్‌రూమూ వున్న ఇంటిని తోలుకుంటూ పోవచ్చు. దాన్ని అక్కడ ఆర్‌వీ అంటారు.

ఫీనిక్స్‌లో వుండే మా అక్కా బావలతో, వాళ్ల ఇద్దరు పిల్లలతో, అమ్మతో కలిసి అలాంటి బండిలో మాన్యుమెంట్ వ్యాలీ చూసొచ్చాను. ఎడారిలో కోట బురుజుల్లా ఎర్రకొండలు నిలబడి వుంటాయే, అదే! 1939లో వచ్చిన 'స్టేజ్‌కోచ్' కోసం జాన్ ఫోర్డ్ అక్కడ కెమెరా పెట్టాక, కౌబాయ్ సినిమా అంటే ఆ కొండలే అన్నట్టయింది. ఫీనిక్స్ నుంచి సుమారు 320 మైళ్లు. అయితే అసలు సినిమా అంతా బండి కదలకముందే నడిచింది.

ఆరో టైరు జాతకం

అద్దె కంపెనీ కుర్రాడు సంతకం పెట్టించుకుని తాళాలు చేతిలో పెట్టే తొందరలో వున్నాడు. మా బావేమో టార్చి పట్టుకుని బండి కిందికి దూరాడు.

"ఏం బావా, స్టంట్ సీనా?" అన్నాను.

"నువ్వూ రావోయ్! చొక్కా మాసినా ఉతుక్కోవచ్చు" అన్నాడు.

వెనక చక్రాలు జంట చక్రాలు. లోపలి టైరు బయటికి సరిగా కనపడదు, దాన్ని పట్టించుకునే వాళ్లూ తక్కువ. టైరు పక్కగోడ మీద 'డాట్' అన్న అక్షరాల తర్వాత వచ్చే వరసలో చివరి నాలుగు అంకెలే దాని జాతకం. 2319 అని వుంటే, 2019లో 23వ వారంలో పుట్టిందన్నమాట. మా ఆరో టైరు వయసు లెక్కేస్తే తొమ్మిదేళ్లు! గోడ నిండా సన్నటి పగుళ్లు.

గాడులు బాగానే వున్నాయిగా అన్నాడు కుర్రాడు. బావ ఒప్పుకోలేదు. గాడులు అరక్కపోయినా, ఎండకీ కాలానికీ రబ్బరు గట్టిపడి పగులుతుంది. పైగా ఫీనిక్స్ వున్నది సుమారు 1,100 అడుగుల ఎత్తున. 145 మైళ్ల అవతల ఫ్లాగ్‌స్టాఫ్ దాదాపు 6,900 అడుగులు. నిండు బరువుతో ఆ కొండలెక్కేటప్పుడు టైరు పేలితే? వెనక కూర్చునేది అమ్మా, పిల్లలూ. అక్క విసుక్కుంది, పిల్లలు ఏడ్చారు, రెండు గంటలు పోయాయి. టైరు మారాకే బావ తాళాలు అందుకున్నాడు. స్టెప్నీ ఏదని అడిగితే లేదన్నారు. ఫోన్ చేస్తే మనిషి వస్తాడట. ఆ నంబరు రాసుకున్నాం.

రోలు దిగింది, ఆవకాయ మిగిలింది

బండిలో ఎంత బరువు వెయ్యొచ్చో స్టిక్కర్ మీద రాసి వుంటుంది. మనుషులూ, సామానూ అన్నీ అందులోకే. నీళ్ల బరువు కూడా మరిచిపోకూడదు. 40 గ్యాలన్ల టాంకు నింపితే సుమారు 150 కిలోలు, అంటే ఇద్దరు మనుషులు ఎక్కినట్టే! మా అమ్మ బియ్యం బస్తా, ఆవకాయ జాడీతో ఆగకుండా చిన్న రోలు కూడా సర్దింది.

"పచ్చడికి రోలు లేకపోతే ఎలారా?"

1954లో వచ్చిన 'ది లాంగ్, లాంగ్ ట్రెయిలర్' కథ చెప్పాను. అందులో లూసిల్ బాల్ మొగుడికి తెలియకుండా ట్రెయిలర్లో రాళ్లు దాస్తుంది. కొండ రోడ్డు మీద ఆ బరువు వాళ్ల ప్రాణాల మీదికి తెస్తుంది. అమ్మ నవ్వి రోలు దింపించింది. ఆవకాయ జోలికి మాత్రం ఎవరం పోలేదు!

ఇంకా ఏమేం చూశామంటే

వంటకి ప్రొపేన్ గ్యాసు. అది గాలికన్నా బరువు, కారితే నేలమీదే పేరుకుంటుంది. అందుకే గ్యాసు అలారం కింద, నేలకి దగ్గరగా పెడతారు. కార్బన్ మోనాక్సైడ్‌కైతే వాసనే వుండదు, నిద్రలోనే ప్రాణం తీసేస్తుంది. దానికి వేరే అలారం. వాటి మీద గడువు తేదీలు చదివి, మీటలు నొక్కే పని పిల్లలకి అప్పగించాం. బండంతా కుయ్యోమంది. వాళ్ల ఏడుపు అక్కడితో ఆగింది!

మురికినీళ్లకి రెండు టాంకులు: ఒకటి మరుగుదొడ్డిది, ఒకటి సింకుదీ స్నానానిదీ. ఖాళీ చేసేటప్పుడు మరుగుదొడ్డిదే ముందు వదలాలి. తర్వాత వచ్చే సబ్బునీళ్లు గొట్టాన్ని కడిగేస్తాయి. బండి ఎత్తు కాగితం మీద రాసి స్టీరింగ్ పక్కన అంటించాం. పెట్రోలు బంకు కప్పుకి తగిలాక తెలుసుకుంటే ఏం లాభం?

ఆఖరికి అల్మారాలూ, ఫ్రిజ్ తలుపూ గడియలు పడ్డాయా, మెట్టు మడిచామా అని చుట్టూ తిరిగి చూశాం. మంచం వుంది కదా, నడుం వాలుస్తానంది అమ్మ. బండి ఆగాకే పడక, కదులుతుంటే బెల్టు పెట్టుకుని సీట్లోనే అన్నాడు బావ. షాట్ ఓకే!

మర్నాడు సాయంత్రం ఆ ఎర్రకొండల మీద ఎండ వాలుతుంటే పిల్లలు కూడా నోరెత్తలేదు. అది నవాహో జాతివారి పార్కు. లోపలి 17 మైళ్ల మట్టిరోడ్డు మీదికి ఆర్‌వీలని రానివ్వరు. నవాహో గైడు బండిలో తిరిగాం. అక్కడినుంచి ఉత్తరంగా 163 నంబరు రోడ్డు మీద వెళితే, 1994 నాటి 'ఫారెస్ట్ గంప్'లో టామ్ హాంక్స్ పరుగు ఆపేసిన చోటు వస్తుంది. మేమూ అక్కడ ఫొటో దిగాం.

ఈసారి మీరు అరకుకో, శ్రీశైలానికో టెంపో ట్రావెలర్ మాట్లాడుకుంటే, పాటలు పెట్టమని అడిగేముందు టైరు మీద ఆ నాలుగంకెలు చదవండి. స్టెప్నీ చూపించమనండి. డ్రైవరన్న నవ్వితే నవ్వనివ్వండి!